బిల్ వార్డ్ లేని ‘13’ మీద మా గొడవ

సంపాదకులకు నమస్కారం.

బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ 2025 జులై 22న పోయాడు. ఆ వారం మీ పత్రికలో వచ్చిన వార్తని కత్తిరించి దాచుకున్నాను, ఇప్పుడు కూడా నా ఎదురుగా బల్ల మీద ఉంది. చిన్న వార్తే, అందులో సగం గబ్బిలం గురించి. 1982లో స్టేజీ మీదికి ఎవరో విసిరిన గబ్బిలం తల కొరికాడన్నది జరిగిందే, కాదనను. కానీ బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీల మధ్య పెరిగిన నలుగురు కుర్రాళ్ళు కలిసి హెవీ మెటల్ అనే బరువైన రాక్ సంగీతానికి పునాది వేశారని, ఓజీ ఆ నలుగురిలో ఒకడని రాయడానికి మాత్రం చోటు లేకపోయింది. చివరి వాక్యంలో ‘2013లో 13 అనే ఆల్బమ్‌తో నలుగురూ మళ్ళీ కలిశారు’ అని వేశారు. అది తప్పండి. కలిసింది ముగ్గురు. ఆ నాలుగో మనిషి, డ్రమ్మర్ బిల్ వార్డ్ గురించే ఈ ఉత్తరం. ఆలస్యంగా రాస్తున్నానని తెలుసు, కానీ ఆ ఒక్క వాక్యం మీద మా స్నేహితుల మధ్య మొదలైన వాదన ఇంకా ఆరలేదు, అందుకే రాయక తప్పలేదు.

మేం నలుగురం విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాం. మా నాన్నలు నలుగురూ స్టీల్ ప్లాంట్‌లోనే పనిచేశారు. తొంభైల చివర్లో జగదాంబ దగ్గర ఒక షాపులో ఖాళీ క్యాసెట్ పట్టుకెళ్ళి ఇస్తే మనం అడిగిన ఇంగ్లిష్ పాటలు ఎక్కించి రెండు రోజుల తర్వాత ఇచ్చేవాళ్ళు. అలా తెచ్చుకున్న ఒకే ఒక్క 90 నిమిషాల క్యాసెట్, ఒక పక్క బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్, రెండో పక్క వాళ్ళదే ‘పారనాయిడ్’. నలుగురిళ్ళకీ అదే తిరిగేది. టేపు బయటికొచ్చేస్తే పెన్సిల్ దూర్చి తిప్పి లోపలికి చుట్టేవాళ్ళం, ఒకచోట తెగితే గమ్ టేపు సన్నగా కోసి అతికించాం, ఆ అతుకు దగ్గర ఇప్పటికీ గిటార్ ఒక్క క్షణం మూలిగినట్టు వినిపిస్తుంది, ఎంతలా అలవాటైందంటే ఫోన్‌లో అదే పాట శుభ్రంగా వింటుంటే ఆ చోటికొచ్చేసరికి ఏదో తగ్గిందనిపిస్తుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మా గొడవ ఊసుపోక మొదలైంది కాదు. మాకు ఆ నలుగురి చేతులూ విడివిడిగా తెలుసు. కళ్ళు మూసుకుని ఎవరు ఎక్కడ వాయిస్తున్నారో చెప్పగలం.

ఇక అసలు సంగతి. 2011 నవంబర్ 11న, అంటే పదకొండు పదకొండు పదకొండు నాడు, లాస్ ఏంజెలెస్‌లో నలుగురూ ఒకచోట కూర్చుని కొత్త ఆల్బమ్ చేస్తున్నాం, రిక్ రూబిన్ ప్రొడ్యూసర్ అని చెప్పారు. ఓజీ పాడిన చివరి సబ్బాత్ స్టూడియో ఆల్బమ్ 1978 నాటిది. మధ్యలో మళ్ళీ కలిసి టూర్లు చేశారు, 1998లో రెండు కొత్త పాటలు ఇచ్చారు తప్ప పూర్తి ఆల్బమ్ రాలేదు. మా ఆనందం ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. రెండు నెలలు తిరగకుండానే, 2012 జనవరిలో గిటారిస్టు టోనీ అయోమీకి లింఫోమా అనే క్యాన్సర్ అని తెలిసింది. ఫిబ్రవరిలో డ్రమ్మర్ బిల్ వార్డ్, సంతకం పెట్టగలిగే కాంట్రాక్టు ఇస్తే తప్ప రాలేనని ప్రకటించాడు. వాళ్ళు ఇవ్వలేదు, ఇతను రాలేదు. ఓజీ తర్వాత ఇంటర్వ్యూల్లో బిల్ ఒంటి పరిస్థితి అంత పెద్ద టూరుకి సరిపోదన్నాడు, బిల్ ఆ మాట ఒప్పుకోలేదు, ఇద్దరి మధ్యా అది చాలా ఏళ్ళు నలిగింది. చివరికి రేజ్ ఎగైనెస్ట్ ది మెషీన్ డ్రమ్మర్ బ్రాడ్ విల్క్‌ని పెట్టి ఆల్బమ్ పూర్తి చేశారు. 2013 జూన్‌లో విడుదలైంది. అమెరికాలో వాళ్ళకి మొట్టమొదటిసారి నంబర్ వన్ వచ్చింది, బ్రిటన్‌లో ‘పారనాయిడ్’ తర్వాత దాదాపు 43 ఏళ్ళకి మళ్ళీ నంబర్ వన్. అందులోని ‘గాడ్ ఈజ్ డెడ్?’ పాటకి గ్రామీ కూడా వచ్చింది.

అయినా మా కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గర ఆ ఆల్బమ్ పేరెత్తితే చాలు, ఒకడు ఒంటికాలి మీద లేస్తాడు. వాడి మాట ఒక్కటే: “బిల్ లేకపోతే అది సబ్బాత్ కాదురా, ముగ్గురి పేర్లూ పెట్టుకుని వేసుకోమను, ఆ పేరు ఎలా పెడతారు?” రెండోవాడికి బిల్ సంగతి పట్టదు, వాడి బాధ వేరు, అంతా పాత ఆల్బమ్‌ల ముక్కలే, చద్దన్నానికి పోపు పెట్టి వేడి అన్నం అని వడ్డించారంటాడు. హైదరాబాద్‌లో ఉండే మూడోవాడు పండక్కి వచ్చినప్పుడల్లా ఈ ఇద్దరి మీదా విరుచుకుపడతాడు, అరవై దాటిన మనుషులు, ఒకడు క్యాన్సర్‌కి మందులు వాడుతూ చేసిన రికార్డు అది, దాన్ని కూడా ఇలా కోడిగుడ్డు మీద ఈకలు పీకితే మీరేం అభిమానులురా అని. ఒక సంక్రాంతికి మాటా మాటా పెరిగి ఒకడు టీ గ్లాసు సగంలో పెట్టేసి బండి తీసుకుని వెళ్ళిపోయాడు, రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు.

నేను అందరి మాటా విని విని ఒకచోట తేలాను. ఆల్బమ్ మంచిది. అందులో ఉన్న అసలు లోటు ఒక్కటే, ఆ డ్రమ్స్ స్టూలు మీద బిల్ లేకపోవడం. మిగతా ఫిర్యాదులన్నీ ఆ లోటు చుట్టూ పుట్టినవేనని నా నమ్మకం.

మా సింహాచలం దారిలో తప్పెటగుళ్ళు చూసినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. రేకు తప్పెట గుండెల మీద వేలాడేసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని వాయించేవాళ్ళలో పెద్దవాడి చేతిని చూడండి. లెక్క తప్పడు, కానీ దెబ్బ వేయాల్సిన చోటికి ఒక వెంట్రుకవాసి వెనకగా వేస్తాడు, అందుకే అందరి నడుములూ ఊగుతాయి. అతని పక్కనే కొత్తగా చేరిన కుర్రాడు సరిగ్గా లెక్క మీదే కొడతాడు, తప్పేం లేదు, కానీ ఊగరు. బిల్ వార్డ్ జీన్ క్రూపా లాంటి జాజ్ డ్రమ్మర్లని వింటూ పెరిగినవాడు. అయోమీ గిటార్ ఎంత బరువుగా నడిచినా కింద ఆ ఊగు ఉండేది, బండరాయికి కాళ్ళొచ్చినట్టు. ‘పారనాయిడ్’లోని ‘వార్ పిగ్స్’ పాటలో గిటార్ ఆగిపోయి హై-హ్యాట్ (డ్రమ్స్‌లో జంట తాళాలు) ఒక్కటే టిక్ టిక్ మంటూ ఓజీ గొంతు కింద నడిచే చోటు వినండి, ఏమీ లేని ఆ చోటే ఎంత టెన్షన్ పెడుతుందో. బ్రాడ్ విల్క్ మంచి డ్రమ్మరే, ‘13’లో ఒక్క దెబ్బ తప్పు వేయలేదు. కానీ గోడకి మేకు దిగినట్టు నిటారుగా కొడతాడు. పాటలు నిలబడ్డాయి, నడవలేదు. నా మేనల్లుడు ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతూ డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు, వాడు సబ్బాత్‌ని మొదట విన్నది ‘13’తోనే, అందులో పాటలన్నీ మూడు నెలల్లో పట్టేశాడు. తర్వాత ‘వార్ పిగ్స్’ దగ్గర ఇరుక్కుపోయాడు. దిండు మీద కర్రలతో గంటసేపు కొట్టి నా దగ్గరికొచ్చి “మావయ్యా, చేతులు వెళ్తున్నాయి గానీ నడక రావట్లేదు” అన్నాడు. పన్నెండేళ్ళుగా నేను చెప్పలేకపోయిన మాట వాడు ఒక్క ముక్కలో చెప్పాడు.

ఇక పాతదే తిరగమోత పెట్టారన్న మాటకి వస్తాను. ‘13’లో మొదటి పాట వాళ్ళ తొలి ఆల్బమ్‌లోని మొదటి పాటని గుర్తు చేస్తుంది, ‘జైట్‌గైస్ట్’ అనే మెల్లని పాట వింటే ‘పారనాయిడ్’లోని ‘ప్లానెట్ కారవాన్’ గుర్తొస్తుంది, ఇవి దాచేస్తే దాగేవి కావు. రిక్ రూబిన్ వాళ్ళని కూర్చోబెట్టి 1970 నాటి మొదటి ఆల్బమ్ వినిపించి, ఆ చోటి నుంచి మొదలుపెట్టండి అన్నాడు మరి. ఆ మొదటి ఆల్బమ్‌ని వాళ్ళు 1969లో ఒక్క రోజులో రికార్డు చేశారు, అప్పటికి హెవీ మెటల్ అనే పెట్టె లేదు కాబట్టి బ్లూస్, జాజ్ ఏది చేతికొస్తే అది వాయించారు. ‘13’లో ‘డ్యామేజ్డ్ సోల్’ వినండి, దాదాపు ఎనిమిది నిమిషాల బ్లూస్, ఓజీ మౌతార్గన్ ఊదుతాడు, అయోమీ సోలో మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తనకే తెలియనట్టు వెళ్ళిపోతాడు. అది కాపీ కొట్టేవాడి చేయి కాదు. పైగా ఎవరి దగ్గర కాపీ కొడతాడండి అయోమీ? ఆ శబ్దం పుట్టింది అతని వేళ్ళలోంచి.

ఈ వేళ్ళ సంగతి విశాఖలో ఉన్నవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. అయోమీకి పదిహేడేళ్ళప్పుడు రేకులు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. మానేసే రోజు, ఆఖరి షిఫ్టు. ప్రెస్ మీద పనిచేసే ఆవిడ రాలేదని, ఆ మెషీన్ తెలియని ఇతన్ని అక్కడ నిలబెట్టారు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి గిటార్ తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇక వాయించలేవని డాక్టర్లు చెప్పేశారు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, పైన పాత తోలు జాకెట్ ముక్క అతికించాడు, వేళ్ళు నొప్పెట్టకుండా సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత తీగలు వదులు చేసి శృతి దించాడు. శృతి దిగాక శబ్దం అంత బరువెక్కింది. ప్రపంచంలో ఈ రోజు వినే మెటల్ అంతా ఆ వదులు తీగల మీద నిలబడిందే.

మా నాన్నగారు వైర్ రాడ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఆయనకి ఈ సంగీతం ఎప్పుడూ నచ్చలేదు, నేను టేపు పెడితే తలుపు వేసేసేవారు. ఒకసారి అయోమీ కథ చెప్తే మొదట అడిగింది, “ట్రైనింగ్ లేనివాణ్ణి ప్రెస్ మీద ఎవడు నిలబెట్టాడురా? గార్డు లేదా దానికి?” అని. కోపంగానే అడిగారు, నిన్న జరిగినట్టు. తర్వాత వీడియో పెట్టమన్నారు. గిటార్ సోలో దగ్గర ఆపమని, కళ్ళజోడు తెచ్చుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఆ తొడుగుల్ని చూశారు. తన బొటనవేలితో తన మధ్యవేలి కొస నొక్కుకుంటూ, “తగిలినట్టు తెలియదు కదరా ఇలా అయితే, గ్రిప్పు ఎలా దొరుకుతోంది?” అని తనలో తనే అనుకున్నారు. పాట ఇంకా సగం ఉంది, మళ్ళీ మొదలుపెట్టమన్నారు, చివరిదాకా ఆ వేళ్ళే చూశారు. పాట నచ్చిందో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు. అలాంటి చేత్తో, లింఫోమా చికిత్స మధ్యలో, అరవై నాలుగేళ్ళ వయసులో చేసిన ఆల్బమ్‌ని చద్దన్నం అంటే నేను ఒప్పుకోను.

సౌండు గురించి మాత్రం ఫిర్యాదు నిజం. ‘13’ని మరీ గట్టిగా చేసి వదిలారు, మెల్లగా ఉండాల్సిన చోటు, గట్టిగా ఉండాల్సిన చోటు ఒకే ఎత్తులోకి లాగేశారు, దాంతో దెబ్బ పడినప్పుడు పడినట్టు తెలియదు. కొంచెం మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే పది నిమిషాల్లో చెవి అలసిపోతుంది. ఇది వాళ్ళొక్కళ్ళ తప్పు కాదు, ఆ రోజుల్లో వచ్చిన రాక్ ఆల్బమ్‌లు చాలావరకు ఇలాగే ఉన్నాయి. కానీ మొదటి ఆల్బమ్ విని మొదలుపెట్టండి అన్న ప్రొడ్యూసర్ ఆ ఆల్బమ్‌లో ఉన్న ఖాళీని కూడా విని ఉండాల్సింది. ఓజీ గొంతు సంగతి పెద్దగా చెప్పను. ముసలి గొంతు, పై స్థాయికి వెళ్ళదు, కింద ఉన్నంతసేపూ నాకు హాయిగానే ఉంది. అలాగే ఓజీ తర్వాత సబ్బాత్‌లో పాడిన రోనీ జేమ్స్ డియో అభిమానులు, అసలు సబ్బాత్ అంటే 1980 తర్వాతే అనేవాళ్ళు, వాళ్ళ వాదన వేరే ఉత్తరానికి సరిపోతుంది. డియో 2010లో పోయాడు, ఆయన ఉండి ఉంటే ‘13’ వచ్చేదా అని నేనూ చాలాసార్లు అనుకున్నాను.

కాంట్రాక్టు మాట మీద మా వాళ్ళకి మిగతా ఊళ్ళ అభిమానుల కంటే పట్టుదల ఎక్కువ. ఎవరి తప్పు ఎంత అన్నది ఆ నలుగురికే తెలుసు. కానీ నలుగురు కలిసి కట్టిన ఇంట్లో ఒకడు నా వాటా కాగితం మీద చూపించండి అని అడగడం తప్పని మా నలుగురిలో ఎవరూ అనలేదు, ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకునే హైదరాబాద్ వాడు కూడా అనలేదు. వాడు అడిగేది ఒకటే, అయోమీకి టైమ్ ఉందో లేదో తెలియని ఆ రోజుల్లో ఇంకా ఎన్నాళ్ళు ఆగుతారు అని. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను ఆ స్థితిలో ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో విల్లా పార్క్ స్టేడియంలో చివరి కచేరీ. వాళ్ళు పెరిగిన ఆస్టన్‌లోనే. మాకిక్కడ తెల్లవారుజాము. నలుగురం మా ఇంట్లోనే చేరాం, బండి తీసుకుని వెళ్ళిపోయినవాడు కూడా చెప్పకుండా వచ్చి తలుపు కొట్టాడు. మా నాన్నగారు నిద్రపట్టలేదని లేచి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఓజీ పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేని స్థితి, సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే పాడాడు. వెనక డ్రమ్స్ మీద బిల్ వార్డ్, డెబ్బై ఏడేళ్ళ మనిషి, చొక్కా విప్పేసి వాయిస్తున్నాడు. 2005 తర్వాత నలుగురూ ఒక స్టేజీ మీద కలిసి వాయించడం అదే మొదలు. నాలుగు పాటలు వాయించారు, మొదటిది ‘వార్ పిగ్స్’. చేయి పాతికేళ్ళ నాటిది కాదు, అక్కడక్కడ తడబడింది. కానీ గిటార్ ఆగి హై-హ్యాట్ ఒక్కటే మిగిలిన చోటు వచ్చేసరికి నా పక్కన మేనల్లుడు చటుక్కున నా మోచేయి పట్టుకున్నాడు. నడక వచ్చింది.

అయిపోయాక రెండోవాడు చెప్పకుండా ఉండలేకపోయాడు. “చూశావా, నాలుగు పాటల్లో ‘13’లోది ఒక్కటి కూడా లేదు. వాళ్ళకే ఆ ఆల్బమ్ అక్కర్లేదు.” వెంటనే మొదటివాడు, అదేనండి, బిల్ లేకపోతే సబ్బాత్ కాదు అని పన్నెండేళ్ళుగా కొట్లాడినవాడు, ఆ ఆల్బమ్ ఎప్పుడూ ఇంట్లో పెట్టనివాడు, అన్న మాట ఇది: “అది కాదురా. వెనక బిల్ కూర్చున్నాడు. అతను లేకుండా చేసిన పాట అతని చేత ఎలా వాయిస్తారు?” నాకూ అదే కారణం అనిపించింది. వాళ్ళు ఎక్కడా అలా చెప్పలేదు, నా ఊహే, కానీ ఆ రాత్రి ఆ నలుగురి మొహాలు చూసినవాళ్ళకి ఇంకో కారణం తట్టదు. పదిహేడు రోజుల తర్వాత ఓజీ పోయాడు.

ఆ ఆదివారం మొదటివాడు నా దగ్గర ‘13’ అడిగి తీసుకెళ్ళాడు. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

సంపాదకుల వారికి నా మనవి రెండే. మీ సిటీ పేజీలో సినిమా పాటలకి రోజూ చోటిస్తున్నారు, సంతోషం. ఈ ఊళ్ళో డ్రమ్స్ కొట్టే పిల్లలు, గిటార్ పట్టుకుని బీచ్ రోడ్డులో కూర్చునే పిల్లలు చాలామందే ఉన్నారు, వాళ్ళు వినే సంగీతం గురించి తెలుగులో చదవడానికి వాళ్ళకి ఏమీ దొరకదు. నెలకి ఒక్క అరపేజీ ఇవ్వండి, రాసేవాళ్ళు దొరుకుతారు, నేను రాస్తాను. రెండోది సవరణ. ఒక్క లైను చాలు: 2013లో కలిసింది ముగ్గురు, డ్రమ్స్ వాయించింది బ్రాడ్ విల్క్, బిల్ వార్డ్ మళ్ళీ ఆ ముగ్గురితో కలిసి వాయించింది 2025 జులై 5న.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఉక్కునగరం, విశాఖపట్నం